మస్టరు ఒకరికేనా?

ఈసారి పురుగు మందుల గురించి కాదు, మన పిల్లల కాలేజీ హాజరు గురించి రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

కాలేజీలో క్లాసులకు పోవడం తప్పనిసరి చెయ్యాలా, పిల్లల ఇష్టానికి వదిలెయ్యాలా అని చదువుకున్నవాళ్లు వాదించుకుంటుంటారు. మనకైతే అది డబ్బుల లెక్క. జేఎన్టీయూ కింద ఇంజనీరింగ్ చదివే పిల్లలకు సెమిస్టరులో 75 శాతం హాజరు ఉండాలి. 65కి, 75కి మధ్య ఉంటే సరైన కారణం, సర్టిఫికెట్ చూపించి, ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. 65 కంటే తగ్గిందా, పరీక్ష రాయనివ్వరు. ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా 75 శాతం అడుగుతారు. అది ఆగితే ఆ డబ్బు మన పత్తి డబ్బుల్లోంచే పోవాలి.

లెక్క చూడండి. సెమిస్టరులో 90 రోజులు క్లాసులు జరిగాయనుకుంటే 68 రోజులు పోవాలి. మిగిలేది 22 రోజులు. జ్వరానికో వారం, పెళ్లికీ చావుకీ నాలుగు రోజులు, వానకి బస్సు రాని రోజులు కొన్ని. ఇంకేం మిగిలింది? పైగా వాళ్ల ఒక సెమిస్టరు మన పత్తి తీతల్లో పడుతుంది, ఇంకోటి మిర్చి కోతల్లో పడుతుంది.

మా పాప రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన నవంబరులో కూలీలు దొరకలేదు. "నాలుగు రోజులు పిల్లని ఆపరా, చేలో పత్తి రాలిపోతోంది" అంది మా అమ్మ. పాప ఫోన్ తీసి, "నానమ్మా, 76 ఉంది. ఇప్పుడు ఆగితే నా పరీక్షకే ఎసరు" అంది. మా అమ్మ ఇంక మాట్లాడలేదు.

మన ఊళ్లలో ఏ పని పడినా ముందు ఆపేది ఆడపిల్లనే. ఆ 75 అనే అంకె లేకపోతే ఆ పిల్ల ఏం చెప్పి బస్సెక్కాలి? ఇంకో సంగతి. పట్నం పిల్లాడు క్లాసు ఎగ్గొట్టినా ట్యూషన్‌కి పోతాడు, లేదంటే వాళ్ల నాన్నని అడుగుతాడు. మన పిల్లలకు ఆ సారు, ఆ ల్యాబే దిక్కు. అందుకే నేను హాజరు ఉండాల్సిందే అంటాను.

కానీ ఉపాధి హామీ పనిలో మనకు తెలుసు కదా, మస్టరులో పేరు పడితే చాలదు, తవ్విన మట్టి కొలిచి కూలి కడతారు. కాలేజీలో పిల్లల్ని పరీక్ష కొలుస్తుంది. చెప్పిన పాఠాన్ని ఎవరు కొలుస్తున్నారు? సారు బోర్డు మీద తెర వేసి అందులో ఉన్నదే చదివి పోతే, ఆ గంటకు కూడా మన పిల్లదే హాజరు లెక్క. ఇలాంటి చోటే ప్రాక్సీలు, దొంగ మెడికల్ సర్టిఫికెట్లు పుడతాయి.

ఒక్క హాజరు కోసం పరీక్ష ఆపడం కూడా పెద్ద శిక్షే. 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు లా విద్యార్థుల విషయంలో, హాజరు తక్కువైందని పరీక్ష రాయకుండా ఆపొద్దంది. అది లా కాలేజీల సంగతి. మన పిల్లలకూ వర్తిస్తుందని ధీమాగా ఉండొద్దు. తక్కువైన పిల్లలకు సెలవుల్లో అదనపు క్లాసులు పెట్టి పరీక్ష రాయనిస్తే ఎవరికీ నష్టం లేదు.

అందాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. పేరెంట్స్ మీటింగుకు పిలిస్తే పని ఉందని మానెయ్యకండి. పోయి రెండే అడగండి: మా పిల్ల ఎన్ని రోజులొచ్చింది, మీరు ఎన్ని క్లాసులు చెప్పారు? సెమిస్టరు చివర కాదు, నెలనెలా అడగండి. ఎకరాకు కూలి ఖర్చు ఎంతైందో లెక్క రాసుకుంటాం కదా, అదే పుస్తకంలో పిల్ల హాజరు కూడా రాసుకోండి.