కస్త్రి ఊరివాళ్ళు ఎటు పోయారు?

మా ఆశ్రమ పాఠశాల నుంచి పదకొండు మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం తొమ్మిది రోజులు గ్రీసు దేశం తిరిగొచ్చామంటే మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. ఒక దాత డబ్బు పెట్టుకున్నారు. అడవి పిల్లలు నాగరికత పుట్టినచోటు చూడాలనీ, వచ్చాక ఒక్కొక్కరు ఒక్కో పేజీ రాసివ్వాలనీ ఆయన కోరిక. ‘నాగరికత పుట్టినచోటు’ అన్న మాట దగ్గర మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం గానీ పైకి ఏమీ అనలేదు. పిల్లలు విమానం ఎక్కుతారు కదా. పాస్‌పోర్టుల కోసం జనన ధ్రువీకరణ పత్రాలు సంపాదించడానికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగామో రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది. అది వదిలేద్దాం.

ఏథెన్సులో మొదటి రోజు అక్రోపోలిస్ కొండ ఎక్కాం. కొండ ఎక్కడం మా పిల్లలకు లెక్క కాదు. బూట్లే వాళ్ళకి కష్టం. పైన పార్థెనాన్ గుడి, క్రీస్తు పూర్వం 447లో కట్టడం మొదలుపెట్టారు. కింద మ్యూజియంలో ఆ గుడి చుట్టూ ఉండే బొమ్మల వరుసలో కొన్ని రాళ్ళు తేనె రంగులో, కొన్ని సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. తేనె రంగువి అసలువి. తెల్లవి అచ్చుపోసినవి, వాటి అసలు రాళ్ళు ఎక్కువ భాగం లండన్‌లో ఉన్నాయి. 1801 నుంచి ఒక బ్రిటిష్ దొర ఊడదీయించి పట్టుకుపోయాడు. మన అమరావతి స్తూపం రాళ్ళు కూడా అదే లండన్ మ్యూజియంలో ఉన్నాయని చెప్తే పిల్లలకు ఆ తెల్ల బొమ్మల మీద ఒక్కసారిగా చుట్టరికం కలిసింది.

మరుసటి రోజు మైసీనే. అక్కడ సింహద్వారం అని ఒకటుంది. సుమారు 3,250 ఏళ్ళ కిందటిది. గుమ్మం పైన అడ్డంగా వేసిన బండ ఒక్కటే ఇరవై టన్నులంటారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు దాన్ని చూడగానే, “సార్, ఇవి మన రాక్షస గుళ్ళే!” అన్నాడు. జానంపేట వైపు అడవిలో పలకరాళ్ళు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన పాతకాలపు సమాధులు వాడు చూశాడు. మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులే కట్టారని మన పెద్దలు చెప్తారు. గైడమ్మకు ఆ మాట ఇంగ్లిషులో చెప్తే ఆమె ఆగిపోయింది. తరవాతి కాలపు గ్రీకులు కూడా ఈ గోడలను ఒంటికన్ను రాక్షసులు కట్టారనే నమ్మారట. ఆ రోజంతా మా వాడి నడకే వేరు.

అక్కడే మాకొక పాఠం అయింది. పిల్లల్ని నీడకు పిలిచి కోయ మాటలో వివరిస్తుంటే కాపలా మనిషి వచ్చి ‘మీరు గైడా? లైసెన్సు ఉందా?’ అని అడిగింది. ఆ దేశంలో పురాతన స్థలాల్లో గుంపుకు వివరించాలంటే లైసెన్సు కావాలి. మేం ఇంటి మాటలు మాట్లాడుకుంటున్నామని గైడమ్మ సర్దిచెప్పింది. మా బడిలో కోయ మాట్లాడొద్దని పిల్లల నోళ్ళు మూయించిన ఇన్‌స్పెక్టర్లను చూశాం గానీ, కోయలో చరిత్ర చెప్పడానికి లైసెన్సు అడిగినవాళ్ళను అదే చూడటం.

ఎపిడారస్ నాటకశాలలో, మెట్ల పైవరుసన కూర్చుంటే కింద నడిమధ్యలో నిలబడి మా పిల్ల మామూలుగా మాట్లాడిన మాట మాకు వినబడింది. అది “ఆకలేస్తంది” అన్న మాటే.

డెల్ఫీ గురించే ఎక్కువ చెప్పాలి. ఏథెన్సు నుంచి బస్సులో మూడు గంటలు. పర్నాసస్ కొండ వాలు మీద అపోలో దేవుడి గుడి. తిరిగి నిలబెట్టిన ఆరు స్తంభాలు మిగిలాయి. కింద లోయ నిండా ఆలివ్ చెట్లు, అవతల సముద్రం. అక్కడ పీథియా అనే పూజారిణి మూడుకాళ్ళ పీట మీద కూర్చుంటే దేవుడు ఆమె నోట పలికేవాడట. రాజులు కూడా యుద్ధానికి ముందు వచ్చి అడిగేవారు. దీన్ని వివరించడానికి గైడమ్మ చాలా కష్టపడింది. మేం “పూనకం” అన్నాం. పిల్లలు తలలూపారు.

గుడి కింద ఒక గోడ ఉంది. మూలలు లెక్కలేకుండా చెక్కిన రాళ్ళు, ఒకదాని అంచులో ఒకటి ఒదిగి ఉంటాయి. దాని మీద ఎనిమిది వందలకు పైగా శాసనాలు. చాలావరకు బానిసలను విడిచిపెట్టిన పత్రాలు. యజమాని బానిసను దేవుడికి అమ్మినట్టు రాస్తారు. బానిస పేరు, వెల, సాక్షుల పేర్లు. కొన్నింటిలో యజమాని చచ్చేదాకా అతని దగ్గరే ఉండి చాకిరీ చెయ్యాలని షరతు. “అయితే విడిచినట్టా, విడవనట్టా?” అని అడిగారు పిల్లలు. మా తాతల వెట్టి సంగతి వాళ్ళకు చెప్పింది మేమే, అందుకే ఆ ప్రశ్న వచ్చింది.

అప్పుడు గైడమ్మ ఒక ఫొటో చూపించింది. అదే కొండ, అదే వాలు. కానీ స్తంభాలు లేవు, ఇళ్ళున్నాయి. గుడి మీద, ఈ గోడ మీద ఒక ఊరు. దాని పేరు కస్త్రి. తవ్వకాల కోసం 1891లో గ్రీసు ప్రభుత్వం ఫ్రాన్సుతో ఒప్పందం చేసుకుంది. ఊరిని కిలోమీటరు లోపే పక్కకు జరిపి, ఇళ్ళు కూల్చి, 1892లో తవ్వడం మొదలుపెట్టారు. ఊరివాళ్ళు ఊరికే ఒప్పుకోలేదు. పని సైనికుల కాపలాలో మొదలైంది. ఇది రెండు నిమిషాల్లో చెప్పేసి ఆమె ముందుకు కదిలింది.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి కదల్లేదు. “వాళ్ళకి భూమికి భూమి ఇచ్చారా టీచర్?” అంది.

ఆ పిల్లది ముంపులో పోయిన ఊరు. మా ఇద్దరిలో ఒకరిదీ అదే ఊరు. ఊరు ఖాళీ చేసిన రోజు ముత్యాలమ్మ రాయిని ట్రాక్టరు మీద పెట్టి కాలనీకి తెచ్చుకున్నాం. ఆ తల్లి మీద నీడపట్టిన ఇప్పచెట్టు మాత్రం రాలేదు. ఇవన్నీ తెలిసి కూడా మేం ఏం చేశామో దాచకుండా రాయాలి. “ఊరుకో అమ్మా, ముందు చూడు” అన్నాం. పరాయి మనిషి ముందు మన ఏడుపు ఎందుకని. దాత ఫొటోలు అడుగుతాడు, టైము అయిపోతోందని.

ఆ పిల్ల ఊరుకుంది. కానీ మ్యూజియంలో కంచు రథసారథి బొమ్మ ముందు మళ్ళీ అడిగింది. నిలువెత్తు మనిషి, పొదిగిన కళ్ళు, నిజంగా మనల్నే చూస్తున్నట్టుంటాడు. 1896లో దొరికాడు. “ఇతను ఎవరింటి కింద దొరికాడు?” అంది. ఈసారి మేం ఆపలేదు, ఇంగ్లిషు చేశాం. ఇన్నేళ్ళలో తనను ఎవరూ అలా అడగలేదని గైడమ్మ చెప్పింది. తరవాత తనంతట తనే ఇంకో మాట చెప్పింది. మొన్న ఏథెన్సులో మేం నడిచిన అగోరా కూడా 1931లో తవ్వకాలు మొదలైనప్పుడు ఇళ్ళున్న పేటే. వ్రిసాకి అనేవారు. వందల ఇళ్ళు తీసేశారు.

తీసెయ్యకపోతే ఆ గోడ మీద బానిసల పేర్లు మా పిల్లలు చూసేవాళ్ళు కాదు, నిజమే. ఈ సంగతి బస్సులో మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తేలలేదు. కస్త్రి కింద కనీసం ఒక గుడి బయటపడింది, మా ఊరి మీద నీళ్ళు తప్ప ఏమున్నాయని ఒకరం. ఎవరి రాయి విలువైనదో ఎవరు చెప్పాలని ఇంకొకరం.

ఇప్పటి డెల్ఫీ ఊరే ఆ కస్త్రివాళ్ళకు కట్టించిన ఊరు. హోటళ్ళు, బొమ్మల కొట్లు. మధ్యాహ్నం రొట్టెలు కొన్న కొట్టాయన్ని గైడమ్మ చేత అడిగించాం. మా ముత్తాత ఇల్లు అక్కడ పైనే ఉండేదని కొండవైపు గడ్డంతో చూపించాడు. “ఆయన అక్కడికి వెళ్తే టికెట్ కొనాలా?” అని మా అమ్మాయి. ఆయన నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. పిల్లల చేతుల్లో తలా రెండు నారింజ పళ్ళు పెట్టాడు.

ఆ రాత్రి అందరూ దాతకు ఇవ్వాల్సిన పేజీలు రాసుకుంటున్నారు. ఆ అమ్మాయి పేజీ మీద ‘డెల్ఫీ’ అని రాసి, కింద మా ఊరి పటం గీసింది. ముత్యాలమ్మ చెట్టు, చేతిపంపు, రేవుకు దిగే బాట. ఒక్కో గడికి ఇంటిపెద్ద పేరు. రేవు పక్కన ఒక గడి ఖాళీగా ఉంది. ఎవరిల్లో చెప్పమని మమ్మల్ని అడిగింది. ఆ ఊళ్ళో పుట్టిన మాకూ గుర్తు రాలేదు. అక్కడ రాత్రి పది దాటి ఉంటుంది. అయినా కాలనీకి ఫోన్ చేశాం. వాళ్ళ నాయనమ్మ నిద్రలో లేచి, పేరు చెప్పి, ఆ ఇంటి వెనక పనసచెట్టు కూడా వెయ్యమంది.