సంతకం ఒక అమానత్

మా స్వస్థలం బద్వేలు. హైదరాబాదులో ఔషధ సంస్థలకు శాస్త్రీయ, నియంత్రణ సలహాదారుగా పనిచేస్తున్నాను. మందు తయారీ విధానాన్ని, పరీక్షల ఫలితాలను క్రమంగా కూర్చి అనుమతి కోసం ప్రభుత్వ నియంత్రణ సంస్థలకు సమర్పించడం మా వృత్తి.

1960లో థాలిడోమైడ్ దరఖాస్తు అమెరికాలో దాఖలైనప్పుడు, డాక్టర్ ఫ్రాన్సిస్ కెల్సీ మరిన్ని ఆధారాలు కోరుతూ అనుమతి ఆపివేశారు. ఇతర దేశాలలో గర్భిణులు ఆ మందు వాడినందున వేలాది శిశువులు అవయవలోపాలతో జన్మించారు.

ఒకసారి ఒక సంస్థ వారు ప్రతికూల ఫలితాన్ని వదిలివేసి నివేదిక ముగించమన్నారు. నేను అంగీకరించలేదు. ఆ ఒప్పందం చేజారింది. ఆ ఏడాది ఇల్లు గడవడం కష్టమైంది.

అమ్మీ మాత్రం, “మన బద్వేలులో మాత్ర కొనేవాళ్లు ఆ కాగితాలు చూడలేరు కదా బేటా, వాళ్ల తరఫున నువ్వే చూడాలి” అన్నది.

తూకంలో తగ్గించరాదన్న దివ్యఖుర్ఆన్ ఆదేశం ప్రయోగశాల అంకెలకూ వర్తిస్తుంది. ఈ వృత్తిలోకి రాదలచిన మన పిల్లలకు రసాయనశాస్త్రంతోపాటు ఈ సంగతీ నేర్పుదాం.