మొదట తాకిన చెయ్యి

తొమ్మిదేళ్ల పిల్లాడు. జామచెట్టు మీంచి పడితే మోచేతికి పైన ఎముక విరిగింది. చోడవరం వైపు ఊరి నుంచి మూడోనాడు మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. చేతికి వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించిన నాటుకట్టు ఉంది. "రాత్రల్లా ఏడ్చాడు బాబూ. కట్టు కడితే నొప్పి ఉంటాదన్నారు" అంది తల్లి. కట్టు విప్పితే వేళ్లు చల్లగా, నల్లబడి ఉన్నాయి. లోపల వాపు పెరిగింది, పైన కట్టు సడల్లేదు. మధ్యలో నలిగి, నెత్తురందక కండరం చచ్చిపోయింది. చెయ్యి దక్కింది గాని వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ చేత్తో వాడు అన్నం కలుపుకోలేడు.

ఆ తల్లిని ఆ రోజు అందరి ముందూ కేకలేశాను. ఆ కట్టు కట్టిన మనిషిని శత్రువుగానే చూశాను.

కొన్నాళ్లకు ఎంసీహెచ్ ఆర్థో చదవడానికి లివర్‌పూల్ వెళ్లాను. మన ఎముకల డాక్టర్లు ఎందరో నడిచిన దారే అది. ప్లేట్లు, రాడ్లు, సీ-ఆర్మ్ ఎక్స్‌రే కింద తీగలు గుచ్చడం, చేతికి రావలసిన పనులన్నీ అక్కడ శ్రద్ధగా నేర్పారు. నా మనసును మార్చింది మాత్రం ఒక కుటుంబం కథ.

తొడ ఎముక విరిగినవాళ్ల కాలికి మన పెద్దాసుపత్రుల్లో తొడిగే ఇనుప చట్రం పేరు థామస్ స్ప్లింట్. విశాఖ కేజీహెచ్‌లో చదువుకునే రోజుల్లో ఎందరికో తొడిగాను. దాన్ని తయారుచేసిన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) లివర్‌పూల్ రేవు దగ్గర, నెల్సన్ వీధిలో వైద్యం చేశాడు. ఓడ కళాసీలు, రేవు కూలీలు ఆయన రోగులు. ఆదివారాలు పేదలను ఉచితంగా చూసేవాడు. తండ్రి ఎవాన్ థామస్‌కు డిగ్రీ లేదు. తరతరాలుగా ఎముకలు కట్టే ఇల్లు వాళ్లది. డాక్టర్లు ఆయన్ని కోర్టుకు ఈడిస్తే, ఆయన తన ఐదుగురు కొడుకుల్నీ డాక్టర్లను చేశాడు. నేను సముద్రం దాటి వెళ్లి నేర్చుకున్న విద్యకు పునాది వేసినవాడు ఒక నాటువైద్యుడి కొడుకు. అది తెలిసిన రాత్రి నాకు ఆ జామచెట్టు పిల్లాడి తల్లి గుర్తుకొచ్చింది.

థామస్ ఇంట్లో ఉండి చదువుకున్న బంధువుల కుర్రాడు రాబర్ట్ జోన్స్. 1888లో మాంచెస్టర్ ఓడల కాలువ తవ్వే వేలాది కూలీల వైద్యబాధ్యత అతనికి అప్పగించారు. సుమారు 58 కిలోమీటర్ల ఆ కాలువ వెంట మూడు ఆసుపత్రులు కట్టించి, వాటి మధ్య ప్రథమ చికిత్స కేంద్రాలు పెట్టించాడు. దెబ్బ తగిలినవాణ్ని రైలు మీద ఆసుపత్రికి చేర్చేవారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో, తొడ విరిగిన సైనికుడికి పడినచోటే స్ప్లింటు కట్టాలని పట్టుబట్టాడు. 100కి 80 దాకా ఉన్న మరణాలు సుమారు 20కి తగ్గాయని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కాలు అదే, విరిగిన తీరూ అదే. మారింది మొదట తాకిన చెయ్యి.

మన విశాఖా రేవు ఊరే. ఉక్కు కర్మాగారం ఉంది, రాత్రీపగలూ లారీలు తిరిగే జాతీయ రహదారి ఉంది. కూర్మన్నపాలెం దగ్గర లారీ గుద్ది, ముంగాలి ఎముక బయటికొచ్చిన కార్మికుడి విషయం చెబుతాను. తోటివాళ్లు ఎముకను లోపలికి తొయ్యలేదు, పసుపు అద్దలేదు. ఉతికిన తువ్వాలు కప్పి, అట్టపెట్టె చింపి కాలికి ఇటూ అటూ ఆనించి కట్టి, 108కి ఫోన్ చేశారు. గంటలోపే యాంటీబయాటిక్ పడింది. ఇప్పుడతను డ్యూటీకి నడిచి వెళ్తున్నాడు. ఆ కాలికి సగం వైద్యం నా దగ్గరికి రాకముందే జరిగింది.

లివర్‌పూల్ నుంచి తిరిగొచ్చాక సీతమ్మధారలో క్లినిక్ పెట్టాను. ఒక ఆదివారం చోడవరం వైపు వెళ్లి, కట్టు కట్టే ముసలాయన్ని కలిశాను. మొదట భయపడ్డాడు. "తాతా, తగువుకి రాలేదు" అని పక్కన కూర్చున్నాను. కట్టాక గోరు నొక్కి వదిలితే ఎర్రదనం వెంటనే తిరిగి రావాలని చూపించాను. వేలు చాపినప్పుడు పిల్లాడు కెవ్వుమంటే ఆ క్షణమే కట్టు కోసెయ్యాలన్నాను. మోచేతి దెబ్బల్ని అసలు కట్టకుండా పంపమన్నాను. ఆయన నా గోరే నొక్కి చూసి తలూపాడు.

నాలుగు నెలలకు ఒక ఏడేళ్ల పాప వచ్చింది. అదే మోచేయి, విరిగిందీ అదే చోట. చెయ్యి ఎక్కువ వంచకుండా తుండుగుడ్డతో మెడకు వేలాడదీసి, ఆటోలో ఎక్కించి పంపాడు తాత. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆ రాత్రే రెండు తీగలతో ఎముక నిలిపాను. ఆ పాప ఇప్పుడు ఆ చేత్తోనే రాస్తోంది.

ఈ వ్యాసం చదివే అమ్మలకు, నాన్నలకు, ఆటో అన్నలకు, సైటు మేస్త్రీలకు నా మనవి ఇది. విరిగిన చోటును కదలనివ్వకండి. గాయాన్ని శుభ్రమైన బట్టతో కప్పండి. ఎవరు కట్టిన కట్టయినా సరే, నాటుకట్టయినా మా సిమెంటు కట్టయినా, వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా, నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వచ్చి కట్టు విప్పించండి.