తీరిక

తిరువూరు చుట్టుపట్ల పల్లెలనుండి బస్సులలో బడికి వచ్చు పిల్లలు "చదువుటకు తీరిక యేదీ?" అని పలుకుట కద్దు. ఒకప్పుడు తిరువూరుతోపాటు కృష్ణాజిల్లాలో నుండిన పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారికి తీరిక మరింత తక్కువ. వారు మునగాల సంస్థానమునకు దివానులు, వ్యవహారభారమంతయు వారిదే. అయినను 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రశాస్త్ర గ్రంథములను తెనుగున వెలువరింపజేసిరి. పిమ్మట సకల విషయములను అక్షరక్రమమున వివరించు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. అంతయు తామే వ్రాయవలెనని పట్టుపట్టక, మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి పండితుల సాయము గైకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. అకారము దాటకమునుపే, 1923లో, 46 ఏండ్ల ప్రాయమున పంతులుగారు కాలధర్మము నొందిరి.

వారి శ్రమ వ్యర్థమయ్యెనా? కాలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని చేపట్టిరి.

ఆయువు కొలత ఎవరికిని తెలియదు. తీరిక దొరికిన పిమ్మట చేయుదమనుకొన్న పని పుట్టనే పుట్టదు. నేడు మొదలిడిన పనిని రేపు మరియొకరైనను అందుకొనగలరు. కావున బాలలారా! దినమున కొక అరగంటయైనను ఒక మంచి పనికై కేటాయింపుడు. తీరిక దొరకునది కాదు, చేసికొనవలసినది.