ఇంకొక్క బుక్క

పొద్దున ఎనిమిదయింది. కనకమామిడిలో కూరగాయల తోటకు కూలికి వెళ్లే వాళ్లంతా అప్పుడే బయల్దేరారు. ఓ ఇంట్లో మాత్రం పది నెలల పాపను ఒళ్లో వేసుకుని తల్లి ఇంకా కూర్చునే ఉంది. పక్కన గిన్నెలో మెత్తగా మెదిపిన పప్పన్నం. నాలుగు బుక్కలు తిన్న పాప మొహం పక్కకు తిప్పేసింది. పెదాలు బిగించింది.

'ఇంకొక్క బుక్క పెట్టు. గింతే తింటే బలమెట్లొస్తది?' గడపలోంచి అత్తమ్మ.

తల్లి ఒక చేత్తో పాప రెండు చేతులూ పట్టుకుని, బుగ్గలు నొక్కింది. బుక్క లోపలికెళ్లింది... వెనకాలే తిన్నదంతా బయటికొచ్చింది. పాప ఏడుపు, అత్తమ్మ నిట్టూర్పు, తల్లి కళ్లలో నీళ్లు.

అత్తమ్మేం కఠినురాలు కాదు. ఎన్నో ఏళ్ల కిందట విరేచనాలు పట్టుకుని చిక్కిపోయిన ఆమె రెండో బిడ్డ దక్కలేదు. అప్పట్నుంచీ ఖాళీ గిన్నె చూస్తేనే ఆమెకు ధైర్యం. దానికి తోడు అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడు పాప బరువు గీత పైకి పోకుండా నిలిచిపోయింది. అదీ వాళ్ల తొందర.

మాటలు రాకపోయినా పాప చెప్పాల్సింది చెబుతూనే ఉంటుంది. ఆకలేస్తే గిన్నె వైపు వంగుతుంది, చెంచా కనబడగానే నోరు తెరుస్తుంది. చాలనిపిస్తే మొహం తిప్పుతుంది, చెంచాను తోస్తుంది. ఒక్కోసారి బుక్క పెద్దదై ఉండొచ్చు, నిద్ర వస్తుండొచ్చు. కాసేపు ఆగి, కబుర్లు చెప్పి మళ్లీ చూపించాలి. అప్పుడూ వద్దంటే ఆపేయాలి. అలాగని 'ఆకలైతే అదే తింటది' అని గిన్నె ముందు పెట్టి పనికి పోవడమూ తప్పే. ఎదురుగా కూర్చోవాల్సిందే. సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ పెడితే గిన్నె ఖాళీ అవుతుంది గానీ, కడుపు నిండిన సంగతి పాపకే తెలియదు!

దీన్నే రెస్పాన్సివ్ ఫీడింగ్ అంటున్నారు. బిడ్డ తీరు చూసి పెట్టడం అన్నమాట. దీని మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, విదేశీ పరిశోధకులతో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 గ్రామాలను ఎంచుకున్నారు. 20 ఊళ్లలో మామూలు అంగన్‌వాడీ సేవలే. మరో 20 ఊళ్లలో తల్లిపాలు, అదనపు ఆహారం గురించి తల్లులకు చెప్పారు. మిగతా 20 ఊళ్లలో వాటితోపాటు బిడ్డ సైగలు చూసి ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. శిక్షణ పొందిన పల్లె మహిళలే ఇళ్లకు వెళ్లి ఈ పని చేశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. నేర్పిన ఊళ్ల పిల్లలకు తిండిలో శక్తి, మాంసకృత్తులు ఎక్కువ అందాయి. పొడవులో మెరుగు మాత్రం తిండి సంగతులే చెప్పిన ఊళ్లలో కనిపించింది. సైగలు, ఆటలు నేర్చుకున్న ఊళ్ల పిల్లలకు 15 నెలల వయసులో మానసిక వికాస పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి. కబుర్లు చెబుతూ తినిపించినంత మాత్రాన ఒళ్లు చేస్తుందని కాదు... గిన్నెలో పప్పు, గుడ్డు, ఆకుకూర ఉండాల్సిందే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 6 నుంచి 23 నెలల పిల్లలకు ఇలా చూసి పెట్టమనే చెప్పింది.

పది నెలల బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. కనకమామిడి ఇంట్లో అందులో రెండుసార్లు పెట్టేది అత్తమ్మే. తల్లి తోటలో ఉంటుంది కదా! ఇలాంటి మాటలేమో ఎప్పుడూ తల్లులకే చెబుతారు. అంగన్‌వాడీ టీచర్ మాత్రం ఇంటికే వచ్చి, అత్తమ్మ పక్కన చాపమీద కూర్చుంది. బరువు గీత పైకి పోకపోతే డాక్టరుకు చూపిద్దామంది. బుగ్గలు మాత్రం నొక్కొద్దంది.

అత్తమ్మ వెంటనే మారిపోలేదు. 'మేం పెంచలేదా పిల్లల్ని' అని రెండ్రోజులు సణిగింది. మూడోరోజు మధ్యాహ్నం పాపకు వేరే చిన్న తలె పెట్టింది. సగం అన్నం నేలపాలు. కోళ్లొచ్చాయి. వాటిని చూసి పాప కిలకిలా నవ్వి, తనే ఓ మెతుకు నోట్లో పెట్టుకుంది.

'ఇంకా గావాల్నా బిడ్డా?'

పాప మొహం తిప్పుకుంది. అత్తమ్మ చెయ్యి బుగ్గ దాకా వెళ్లి ఆగింది. గిన్నె మీద మూత పెట్టి, 'మల్ల పెడ్త తియ్' అంటూ లేచింది.