నాన్న నంబరు

2023 ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా ఆశ్రమ పాఠశాలలో చార్టులు తయారు చేయిస్తున్నాను. కొమురం భీం, బిర్సా ముండా ప్రతి ఏడూ గోడకు ఎక్కుతారు. "సార్, ఈసారి ఆటగాళ్ళను పెడదాం" అన్నాడు తొమ్మిదో తరగతి పిల్లాడొకడు. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కు మన హాకీ జట్టును నడిపించిన జైపాల్ సింగ్ ముండా పేరు చెప్పాను. ఇంకెవరైనా ఆదివాసీ హాకీ ఆటగాళ్ళు ఉన్నారా అని ఫోన్‌లో వెతుకుతుంటే ఒక కొత్త ముఖం కనిపించింది. విశాలమైన భుజాలు, వంకర ముక్కు, పిల్లాడి నవ్వు. జీనో ఓజిక్. అంతకు ఏడు నెలల ముందే, 2023 జనవరి 15న, వాంకూవర్‌లో చనిపోయాడు. వయసు 52.

ఆయన ఆడింది మన గడ్డి మైదానం హాకీ కాదు. మంచు గడ్డ మీద, కాళ్ళకు ఇనుప పట్టీల బూట్లు కట్టుకుని ఆడే ఐస్ హాకీ. కెనడాలో ఆ ఆట అంటే మన దగ్గర క్రికెట్ అన్నట్టే. జీనోది క్యుబెక్ రాష్ట్రంలో అల్గాంక్విన్ ఆదివాసుల గూడెం, కిటిగన్ జీబీ. వాళ్ళు తమను తాము అనిషినాబే అని చెప్పుకుంటారు. అక్కచెల్లెళ్ళ మధ్య ఒక్కడే కొడుకు. ఆ ఇంట్లో సొంత పిల్లలే కాదు, ఆసరా లేని పిల్లలు కూడా ఎందరో పెరిగారు.

1990లో వాంకూవర్ కనక్స్ జట్టు ఆయన్ను ఎంచుకుంది, అదీ ఐదో విడతలో, 86వ పేరుగా. ఎంచుకున్నది గోల్స్ కోసం కాదు. ఆ ఆటలో నియమాల పుస్తకంలో లేని ఒక ఉద్యోగం ఉండేది. మన జట్టులో బాగా ఆడేవాణ్ణి అవతలి వాడు మొరటుగా గుద్దితే, వాడికి బుద్ధి చెప్పేవాడు ఒకడు కావాలి. చేతి తొడుగులు కింద పడేసి పిడికిళ్ళతో దిగాలి. అంపైర్లు కాసేపు చూసి విడదీస్తారు. తర్వాత ఇద్దరూ ఐదు నిమిషాలు శిక్ష పెట్టెలో కూర్చోవాలి. పన్నెండు సీజన్లలో, 605 ఆటల్లో జీనో కొట్టిన గోల్స్ 64. పడిన శిక్ష 2,567 నిమిషాలు. లెక్క కడితే దాదాపు 43 గంటలు. ఈ లెక్కను పిల్లల చేతే బోర్డు మీద చేయించాను. నవ్వారు.

ఆయన కాపాడిన వాళ్ళలో ముఖ్యుడు పావెల్ బురే అనే రష్యా కుర్రాడు. 1991లో వచ్చినప్పుడు వాడికి ఇంగ్లీషు సరిగా రాదు. భాష రాని చోట నిలబడటం ఎలా ఉంటుందో ఎరిగినవాడు కాబోలు, జీనో వాణ్ణి దగ్గరకు తీశాడు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. 1993-94లో బురే 60 గోల్స్ కొడితే, ఆ పక్కన ఆడుతూ జీనో కూడా 16 కొట్టాడు. ఆయన ఆట జీవితంలో అదే పెద్ద సంఖ్య. ఆ ఏడు జట్టు స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, ఏడో ఆటలో న్యూయార్క్ రేంజర్స్ చేతిలో ఓడింది. జీనో మంచు మీదికి దిగితే చాలు, స్టేడియం అంతా "జీనో! జీనో!" అని అరిచేది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన చొక్కా మీది అంకె. 29.

ఆయన తండ్రిని చిన్నప్పుడు ఒంటారియోలో స్పానిష్ అనే ఊళ్ళోని రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. చర్చీలు నడిపిన బడి, వెనక ప్రభుత్వం. ఇలాంటి బడుల్లోకి లక్షా యాభై వేలకు పైగా ఆదివాసీ పిల్లల్ని తీసుకెళ్ళారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు. చాలాచోట్ల పేర్ల బదులు నంబర్లు. 2008లో కెనడా ప్రధాని పార్లమెంటులో నిలబడి క్షమాపణ అడిగింది ఈ బడుల గురించే. అక్కడ జీనో తండ్రికి ఇచ్చిన నంబరు 29. దాన్ని కొడుకు వీపు మీద వేసుకుని, వేల మంది చూస్తుండగా ఆడాడు.

మా ఆశ్రమ పాఠశాలలనూ ఆ బడులనూ ఒకే గాటన కట్టను. మా నాన్న పోడు పని ఒకరోజు మానుకుని, నా చెయ్యి పట్టుకుని తానే తెచ్చి చేర్పించాడు. సెలవులకు ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ చదువే లేకపోతే ఈ ముక్క రాసేవాణ్ణి కాదు. అయినా ఒకటి చెప్పాలి. నా పళ్ళెం మీద మేకుతో 41 అని గీశారు. ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో 41. నేను చదివిన హాస్టల్లో ఒక పెద్దమనిషి నన్ను ఐదేళ్ళూ "ఒరేయ్ నలభై ఒకటీ" అనే పిలిచాడు. ఒకసారి పొరపాటున కోయలో జవాబు చెప్పాను. ఆ పూట భోజనం దగ్గర నిలబెట్టాడు, అందరూ తిని లేచేదాకా. ఇంటికి వెళ్ళాక ఇవేవీ చెప్పలేదు. పదో తరగతి అయిపోయాక ఆ పళ్ళేన్ని వాగులో పడేశాను. దాన్ని దాచుకోవచ్చనీ, నలుగురి ముందు పెట్టి చూపించవచ్చనీ నాకు తట్టనే లేదు.

పిల్లలకు ఇదంతా చెబుతుంటే, చార్టు ఆలోచన ఇచ్చిన ఆ కుర్రాడే లేచాడు. ఆ నెలలోనే రెండుసార్లు కొట్లాటకు దిగి దొరికినవాడు. తన తెలుగు యాసను ఎవరో వెక్కిరిస్తే పెదవి పగిలేలా గుద్దాడు. "సార్, ఇతను కొట్టినందుకు జీతం ఇచ్చారా?"

ఇచ్చారనే చెప్పాను. అబద్ధం ఎలా చెప్పను? కానీ అక్కడ ఆపలేదు. ఆ పన్నెండేళ్ళ దెబ్బలు తలకు ఏం చేశాయో కూడా చెప్పాను. ఆట మానేశాక కూడా ఆయన్ను బాధించాయి. మన పిల్లలు ఆటల్లో గట్టివాళ్ళు అని సభల్లో అంటుంటారు, మెచ్చుకోలుగానే. వింటుంటే నాకు కొంచెం భయం వేస్తుంది. ఒళ్ళు మాత్రమే మనది, బుర్ర ఇంకొకరిది అన్నట్టు ఉంటుంది.

జీనో అక్కడ ఆగిపోలేదు. 1995లో, ఇంకా ఆడుతున్న రోజుల్లోనే, పడమటి కెనడాలో ఆదివాసీ గూడేలన్నీ తిరిగి మద్యం గురించి కుర్రవాళ్ళతో మాట్లాడాడు. ఆట ముగిశాక వాంకూవర్‌లో మస్క్వియమ్ ఆదివాసుల నేల మీద ఉన్న గోల్ఫ్ మైదానం వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. 2014లో గుండెను పట్టే అరుదైన జబ్బు అమైలాయిడోసిస్ వచ్చింది. నెలలే, బహుశా వారాలే మిగిలాయని డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి దాచకుండా అభిమానులకు ఉత్తరం రాశాడు. జనం ఆసుపత్రి బయట గుమిగూడి మళ్ళీ "జీనో! జీనో!" అని అరిచారు. ఆయన బయటికి వచ్చి పలకరించాడు. చికిత్స పనిచేసి, ఆ మాట తర్వాత ఇంకా ఎనిమిదేళ్ళకు పైగా బతికాడు.

చార్టు మీద 29 అంకెను ఆ కుర్రాడే రాశాడు, చాలా పెద్దగా. రాసి, "సార్, మీ నంబరెంత?" అన్నాడు. చెప్పాను. తనది 17 అన్నాడు. పక్కనున్న వాళ్ళు కూడా తమ తమ నంబర్లు చెప్పడం మొదలుపెట్టారు. మా బడి పళ్ళేలన్నిటి మీదా ఇప్పటికీ నంబర్లే ఉన్నాయి, గీయించింది నేనే. పళ్ళేలు కలిసిపోకుండా ఉండాలి కదా అనుకున్నాను.

దసరా సెలవులకు వాణ్ణి తీసుకెళ్ళడానికి తండ్రి వచ్చాడు. చదువు రాని మనిషి. కొడుకు ఆయన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళి, చార్టు మీద వేలు పెట్టి చూపిస్తూ కోయలో చాలాసేపు చెప్పాడు. నేను స్టాఫ్ రూం తలుపు దగ్గరే నిలబడి విన్నాను. ఆయన మధ్యలో ఒక్కసారే ఆపి, ఆ పిల్లాడి తండ్రి దీన్ని చూశాడా అని అడిగాడు.

చూశాడని చెప్పాడు వాడు. అది నేను చెప్పిన కథలో లేని మాట. నేను సరిదిద్దలేదు.