బొంతలు కుట్టిన ఊరు - జీస్ బెండ్

పాత చీరలు నాలుగు పోగైతే మనమేం చేస్తాం? స్టీలు సామాన్లవాడికి వేసి ఓ గిన్నె తీసుకుంటాం. మన అమ్మమ్మలైతే వాటిని పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేవారు. ఆ బొంతకి డబ్బిస్తామని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకునేవారేమో! అలాంటి బొంతలతోనే నాలుగు డబ్బులు కళ్ళజూసిన ఆడవాళ్ళ ఊరికి మిమ్మల్ని తీసుకెళతాను, రండి.

ఊరి పేరు జీస్ బెండ్. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉంది. పటంలో మాత్రం బాయ్‌కిన్ అని వెతకాలి. అలబామా నది మూడువైపులా చుట్టుకుని పారుతుంది. మీ అమ్మాయో అబ్బాయో అట్లాంటాలో ఉంటే కారులో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. మరీ చిన్న పల్లె, పులిహోర కట్టుకునే బయల్దేరండి. దారి పక్కన పెద్ద పెద్ద పలకల మీద బొంతల బొమ్మలు కనిపిస్తాయి. 2006 లో అమెరికా తపాలాశాఖ స్టాంపులుగా వేసిన 10 బొంతలవి.

ఇక్కడ చాలామంది ఇంటిపేరు పెట్వే. అందరూ చుట్టాలని కాదు. బానిసత్వం రోజుల్లో వాళ్ళ తాతముత్తాతలతో చాకిరీ చేయించుకున్న పత్తితోట యజమాని పేరది. బానిసత్వం పోయాకా కౌలు బతుకులే. చలిగాలి దూరే చెక్క ఇళ్ళలో పిల్లలకి కప్పడానికి పొలం ప్యాంట్లు, పిండి సంచులు, చిరిగిన గౌన్లు ఏది దొరికితే అది చేర్చి కుట్టేవారు. మధ్యలో ఓ చదరం పెట్టి, చుట్టూ పట్టీలు వేసుకుంటూ పోతే దాన్ని 'హౌస్‌టాప్' అంటారు. మనం చుక్క చుట్టూ ముగ్గు పెంచుకుంటూ పోయినట్టే.

1942 లో మిస్సోరీ పెట్వే అనే ఆవిడ చనిపోయిన భర్త పొలం బట్టలు విప్పి బొంత కుట్టుకుంది, ఆయన గుర్తుగా కప్పుకోవడానికి. మోకాళ్ళ దగ్గర మాసిన మరకలు అలాగే ఉంచింది. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

మరి వ్యాపారం ఎలా మొదలైందంటారా? 1960 లలో నల్లవాళ్ళు ఓటుహక్కు కోసం పేర్లు నమోదు చేయించుకోబోతే కొందరిని అద్దె ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. అవతలి ఒడ్డున ఉన్న కామ్డెన్‌కి వెళ్ళే పడవ 1962 లో ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది 2006 లోనే! అన్నాళ్ళూ గంటసేపు చుట్టు తిరగాల్సిందే. ఆ గడ్డురోజుల్లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే మతగురువు ఆరేసిన బొంతలు చూసి, ఒక్కోటి 10 డాలర్లకి కొని న్యూయార్కులో వేలం వేయించారు. 1966 లో జీస్ బెండ్, పక్క ఊళ్ళ ఆడవాళ్ళు కలిసి 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. తర్వాత ఆ సంఘమే స్థలం కొని, కుట్టుపని షెడ్డు కట్టుకుని, ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకి కొంత నేల అమ్మింది. ఎంత సాహసం, చూడండి!

అయితే పెద్ద దుకాణాలకి ఒకే కొలత, ఒకే కుట్టు, అన్నీ అచ్చు ఒకేలా కావాలి. చెయ్యి ఎటు పోతే అటు కుట్టుకున్నవాళ్ళకి అది కష్టమే అయ్యుంటుంది. 1972 లో సియర్స్ కంపెనీకి కార్డరాయ్ దిండుగలీబులు కుట్టే పని దొరికింది. మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చుకుని సొంత బొంతలు కుట్టుకున్నారు. నాకైతే ఆ ముదురు రంగుల కార్డరాయ్ బొంతలే అన్నిటికన్నా ముద్దొస్తాయి.

సంఘం 2012 లో మూతపడింది. కానీ 2002 లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాలలో ప్రదర్శన పెట్టాక ఊరి పేరు మారుమోగింది. 2021 నుంచి కొందరు ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో తమ పేరుతోనే, తాము పెట్టిన ధరకే అమ్ముకుంటున్నారు. ఆ ధరలు చూసి గుండెలు బాదుకోకండి. ఒక బొంతలో ఎన్ని రోజుల కుట్టు ఉందో మనకి తెలియనిదా?

మీరూ ఇంట్లో మొదలుపెడదామనుకుంటే కొత్త బట్టని ముందే తడిపి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే ఎరుపు దిగి తెలుపు పాడవుతుంది. మందం, పలుచన గుడ్డలు కలపకండి. దారంతో పాటు మీ గంటలూ లెక్క రాయండి. ఇక ఆ ఊరు వెళ్ళేవాళ్ళు అక్టోబరులో వెళ్ళండి. 2022 నుంచి ఆ నెలలో బొంతలన్నీ బయట ఆరేసి పండగ చేస్తున్నారు. కుట్టినవాళ్ళని పలకరించి, అడిగి మరీ ఫోటో తీసుకోండి.